ఆరున్నొకటో నంబరు జెర్సీ

మా బాబు వీపు మీద నా చెయ్యి దానంతట అదే పడింది. వాడు వేసుకున్న నల్ల జెర్సీ వెనక తెల్లగా, పెద్దగా ఉన్న ఏడు అంకెను నా అరచెయ్యి మూసేసింది. ఎందుకు మూశానో నాకే వెంటనే అర్థం కాలేదు.

అప్పటిదాకా నేనూ నవ్వుతూనే ఉన్నాను. ఇసుకలో గీసిన గీతల మధ్య ఒక అమ్మాయి బంతిని గుండెకు అదుముకుని పరుగెడుతోంది. ఒడ్డు మీద జనం ఆమె నంబరు పట్టుకుని అరుస్తున్నారు. ఏడు, ఏడు, ఏడు. మొదట కుర్రాళ్ళు అందుకున్నారు. వాళ్ళ వెనక మగవాళ్ళు, ఆ తర్వాత ఆడవాళ్ళు. మా బాబు ఎగిరెగిరి అరిచాడు. చంకలో ఉన్న చిన్నది చప్పట్లు కొట్టింది. అన్ని గొంతులూ ఒకే తాళంలో పడ్డాక, నా చెవిలో ఎక్కడో ఆ అంకె జారిపోయి మాట మాత్రం మిగిలింది. ఊరంతా గొంతు కలిపి ఒక ఆడపిల్లను ఏడవమంటోంది.

ఇది రాస్తుంటే పిల్లలిద్దరూ పక్క గదిలో నిద్రపోతున్నారు. ఆ కేక నాకింకా వినిపిస్తూనే ఉంది. ఒక చొక్కా దగ్గర మొదలైన గొడవ అక్కడిదాకా ఎలా వచ్చిందో వరసగా రాసుకుంటే తప్ప నాకు నిద్ర పట్టేలా లేదు.

మా పుట్టిల్లు బుచ్చిరెడ్డిపాలెం. వడ్లు పండించడం, కొనడం, అమ్మడం తప్ప మా వాళ్ళకు వేరే పని తెలియదు. పెళ్ళయ్యాక నా భర్తకు ఈ సముద్రపు ఊళ్ళో హైస్కూల్లో పీఈటీ ఉద్యోగం వస్తే ఇక్కడికి వచ్చాం. ఆయన చదువుకునే రోజుల్లో రగ్బీ ఆడారు. ఇక్కడి ఆడపిల్లల కాళ్ళలో ఉన్న బలం, ఒడ్డున ఉన్న ఇసుక చూసి, ఇంతకన్నా ఏం కావాలని మొదలుపెట్టారు. ఊరు దానికి గుడ్డు బంతాట అని పేరు పెట్టింది, బంతి కోడిగుడ్డులా ఉంటుంది కాబట్టి. జట్టుకు ఏడుగురు. బంతిని పట్టుకుని పరుగెత్తి అవతలి గీత దాటి నేలకు తాకించాలి. అడ్డొచ్చిన వాళ్ళు నడుము పట్టి కింద పడేస్తారు. ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో అందించాలి. ఈ చివరి రూలు ఊరికి బాగా నచ్చింది. ఒడ్డుకు అలివి వల లాగేటప్పుడు కూడా మనం వెనక్కి నడుస్తానే గదా లాగేది, ఇది మన ఆటే అన్నారు.

మొదట్లో జెర్సీలు ఊళ్ళో టైలరే కుట్టాడు. పసుపు ముద్దలా ఉండే రంగు, చేతులకు ఎర్ర అంచు. వాటి మీద నంబర్లు లేవు. పేర్లుండేవి, అవీ పిల్లల సొంత పేర్లు కావు. పిల్ల మొదటి ఆట ఆడాక, ఒడ్డు మీద కూర్చుని చూసినవాళ్ళు ఆమె ఆట తీరును బట్టి ఒక చేప పేరు పెట్టేవారు. సారు పెట్టకూడదు, తల్లిదండ్రులు పెట్టకూడదు. అది ఒడ్డుకున్న హక్కు. అందరికన్నా పెద్ద పిల్ల సొర. పట్టుకుంటే వదలని పిల్ల పీత. చేతికి దొరక్కుండా జారిపోయే పిల్ల మట్టగిడస. నీళ్ళు చీల్చుకుంటూ పోయినట్టు పరుగెత్తే పిల్ల వంజరం. పడవలకు రంగులేసే అన్న ఒకాయన మిగిలిన పెయింటుతో ఆ పేర్లు వీపుల మీద రాసేవాడు. ఉతికేకొద్దీ పెయింటు పగిలి పొలుసుల్లా లేచేది. ఆ అన్న రోజూ సాయంత్రం మా ఇంట్లో టీ తాగి పోయేవాడు. మా బాబుకు ఆయన పక్కన కూర్చుని పడవకు రంగు పడటం చూడటమంటే ప్రాణం.

ఆ పిల్లల్లో వంజరమే ఈ కథకు ముఖ్యం. పదో తరగతి చదువుతోంది. వాళ్ళ నాన్న చెన్నై హార్బరులో పడవల మీద పనికి పోయి పండక్కో పబ్బానికో వస్తాడు. వాళ్ళమ్మ ఒడ్డున చేపల పాట పాడుతుంది. పాటంటే వేలం. పడవ వచ్చి గంపలు దిగగానే ఆమె గొంతు లేస్తే గాలి ఎదురు కొడుతున్నా అవతలి చివరిదాకా వినబడుతుంది. పాట అయ్యాక మిగిలిన చేపలు గంపకెత్తుకుని ఇళ్ళకు తెస్తుంది. నేను అక్కా అంటాను, ఆమె నన్ను అమ్మాయ్ అంటుంది.

పది అవగానే పిల్లను రొయ్యలు ఒలిచే షెడ్డుకు పంపాలని అక్క అనుకుంది. అంతలో జిల్లా నుంచి ఇద్దరు కోచ్‌లు వచ్చి మా ఊళ్ళో ఆట చూస్తారనీ, నచ్చిన పిల్లను నెల్లూరులో స్పోర్ట్స్ హాస్టలుకు తీసుకుంటారనీ తెలిసింది. చదువూ తిండీ అన్నీ అక్కడే. అక్క ఒప్పుకోలేదు. మా వాకిట్లో చేపలు కోస్తూ కోస్తూ, నేను అడిగినప్పుడల్లా వద్దనే చెప్పింది. చివరికొక రోజు కత్తి పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది.

"ఇను అమ్మాయ్. నీ మాట మీద ఈ ఆట దాకా పంపిస్తా. దానికి దెబ్బ తగిలినా, నలుగుట్లో నగుబాటయినా, ఆడికి సరి. మళ్ళా నువ్వు నా గంప ముందర ఈ మాట ఎత్తకూడదు."

నేను సరేనన్నాను. ఎవరి పిల్లకో హామీ ఇచ్చేశాను. నా పిల్లలకు జలుబు చేస్తేనే రాత్రంతా మేలుకునే దాన్ని.

ఆ ఆటకు నంబర్లున్న జెర్సీలు తప్పనిసరి అన్నారు. మా ఆయన ఎవరినో అడిగితే ఎవరో ఒక రొయ్యల మేత డీలరును చూపించారు. డీలరు సంతోషంగా ఒప్పుకున్నాడు. రంగూ డిజైనూ అన్నీ తనే చూసుకుంటానన్నాడు. నంబర్లుంటే చాలు కదా అని మా ఆయన నిశ్చింతగా ఉన్నారు. ఊళ్ళో ఎవరినీ అడగలేదు. అడగాలని మా ఇద్దరికీ తోచనే లేదు.

తుఫాను షెల్టరు ముందు ఆదివారం సాయంత్రం అట్టపెట్టె విప్పారు. ఊళ్ళో సగం మంది చేరారు. ఈలలు అప్పటికే మొదలయ్యాయి. మా ఆయన మొదటి జెర్సీ తీసి రెండు చేతులా పట్టుకుని ఎత్తారు. ఈల సగంలో ఆగిపోవడం ఎప్పుడూ వినలేదు నేను. ఆ రోజు విన్నాను.

నిగనిగలాడే నల్ల గుడ్డ. రొమ్ము నిండా గులాబీ రంగు రొయ్య, మీసాలు భుజాల దాకా. వెనక నంబరు. చేపల్లేవు, పసుపు లేదు.

ముందుగా ఒక ముసలాయన అన్నాడు. "ఏంది సారూ ఇది. చెరువు రొయ్యని తెచ్చి సముద్రం పిల్లోళ్ళ గుండెకాయ మీద కూచోబెట్టినావే."

మా ఆయన నవ్వబోయారు. ఎవరూ నవ్వలేదు. చెరువుల రొయ్యలకూ ఈ ఊరికీ ఉన్న వైరం మాకు తెలియనిది కాదు. చెరువుల నీళ్ళు వదిలాకనే కాలవలో చేప పోయిందనీ, బావులు ఉప్పెక్కాయనీ వాళ్ళు చెప్పగా ఎన్నిసార్లో విన్నాం. విని కూడా మాకు ఆ బొమ్మలో రొయ్య మాత్రమే కనిపించింది.

రంగులేసే అన్న ఒక జెర్సీ తీసుకుని తిప్పి చూశాడు. వేలితో నంబరును గీరాడు. "ఇది రాలదు గదా," అన్నాడు. మెచ్చుకున్నాడో తిట్టాడో తెలియలేదు. "ఒకటి, రెండు, మూడు. బియ్యం మూటలకి ఏసినట్టు ఏసినారు. బిడ్డలకి పేర్లు మేము పెట్టినాం సారూ. తుడిసేటప్పుడు ఒక మాట అడగొద్దా?"

వంజరం వాళ్ళమ్మ అప్పుడు ముందుకొచ్చింది. ఏడో నంబరు జెర్సీ పిల్ల చేతిలో ఉంది. "ఇది మార్చు," అంది.

"పేర్లూ నంబర్లూ జిల్లాకు పంపించేశాం అక్కా. ఆడేది ఏడుగురు. ఏడో నంబరు లేకుండా ఎట్లా?" అన్నారు మా ఆయన.

"ఎనిమిది ఎయ్యి. ఆరు తర్వాత ఎనిమిది ఏస్తే నిన్ను పోలీసోళ్ళు పట్టుకపోతారా?"

దానికి మాత్రం కొందరు నవ్వారు. పిల్ల తల్లి మొహం చూడకుండానే, "నాకు ఇదే కావాల మా, నేనే అడిగినా," అంది. తల్లి వెనక్కి తిరిగి ఇంటిదారి పట్టింది. సారు కొడుక్కి కూడా ఉండనీ అని డీలరు ఒక చిన్న జెర్సీ పంపాడు. వంజరం అక్కదే కావాలని మా వాడు పేచీ పెట్టి ఉన్నాడు కనుక దాని మీదా ఏడే.

నేను చదివింది బీఎస్సీ లెక్కలు. ఆ రాత్రి అంకెల గురించి నవ్వుకున్నాను కూడా. రెండు రోజుల్లో మర్చిపోతారులే అన్నాను ఆయనతో.

మర్చిపోలేదు. జట్టుకున్న వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజీలు మొదలయ్యాయి. మొదట అవీ నవ్వొచ్చేలాగే ఉన్నాయి. "రొయ్య మీసాలు మా మామ మీసాలకన్నా పొడుగుండాయి." "మన పిల్లోళ్ళు ఆటకి పోతా ఉండారా, కర్మంతరానికా?" ఆ తర్వాత గొంతులు మారాయి. "పైరు నేలోడికి ఉప్పు నేల పరువు ఏం తెలస్తాది?" ఆ గొంతు ఎవరిదో నాకు తెలుసు. ఆ మనిషి కూతురికి నా చేత్తో జడ వేశాను. మూడేళ్ళుగా వాళ్ళ పెళ్ళిళ్ళకూ చావులకూ పోతున్నాం. మమ్మల్ని ఇంకా ఏ నేల వాళ్ళమో లెక్కపెడుతున్నారని నేను కలలో కూడా అనుకోలేదు.

మా వాకిట్లో గంప దిగడం ఆగింది. అక్క మా ఇంటి ముందు నుంచే పోతూ పక్కింట్లో దించేది. రంగులేసే అన్న టీకి రావడం మానేశాడు. బాబు అడిగితే, పనెక్కువగా ఉందిలే అని చెప్పాను. ఒకరోజు ఉదయం స్కూలు గేటుకు పాత పసుపు జెర్సీ ఒకటి వల తాడుతో కట్టేసి ఉంది. వీపు రోడ్డు వైపుకు తిప్పారు. సొర అన్న రెండక్షరాలూ పెచ్చులూడి కనిపిస్తున్నాయి. మా ఆయన ముడి విప్పి, మడతపెట్టి, చంకలో పెట్టుకుని ఇంటికి తెచ్చారు. ఎవరినీ ఏమీ అడగలేదు. నేను మాత్రం బాబును ఆ రోజు బడికి పంపలేదు.

"చొక్కా గురించి ఇంత పట్టుదలేంటండీ," అన్నాను.

"చొక్కా గురించి కాదేమో," అన్నారు.

ఆట రోజు గూడూరు వైపు నుంచి ఎదుటి జట్టు వచ్చింది. జిల్లా కోచ్‌లిద్దరూ టోపీలు పెట్టుకుని ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. ఊరు రాదేమో అనుకున్నాను. వచ్చింది. కానీ నోరు విప్పలేదు. మొదటి సగమంతా సముద్రం మోతే వినిపించింది. పిల్లలు బంతి తెచ్చుకుంటూ ఒడ్డు వైపు చూస్తున్నారు, ఎప్పుడూ వినే కేక కోసం. సొరా, వంజరమా అని పిలిచేవాళ్ళెవరూ లేరు. ఆ చొక్కాల్లో చేపలు లేవు, ఏమని పిలవాల అని నా వెనక ఒకామె గొణిగింది. నిజానికి అంతా నల్లగా ఉంటే దూరం నుంచి ఎవరు ఎవరో పోల్చుకోవడం కూడా కష్టంగానే ఉంది.

రెండో సగంలో వంజరానికి బంతి దొరికింది. ఆమె ముందు చాలా దూరం ఖాళీగా ఉంది. అంత పరుగు చూస్తూ ఒడ్డు ఊరుకోలేకపోయింది. చేప పేరుతో పిలవకూడదని పట్టు, పిలవకుండా ఉండలేని నోరు. కుర్రాళ్ళు సగం వెక్కిరింతగా నంబరు అందుకున్నారు. ఏడు, ఏడు. వెక్కిరింత నిమిషంలో నిజమైన కేకయింది. అప్పుడే నా చెయ్యి బాబు వీపు మీద పడింది.

మా తాత వడ్లు కొలిచేవాడు. కుంచం నింపి రాశి నుంచి గోతంలో పోస్తూ పైకి లెక్కపెట్టేవాడు. ఒకటి అనకుండా లాభం అనేవాడు. రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు. ఆ తర్వాత గొంతు కాస్త తగ్గించి ఆరున్నొకటి. తర్వాత ఎనిమిది. కళ్ళంలో ధాన్యలక్ష్మి ముందు నిలబడి ఏడు అనకూడదమ్మా, ఏడవమన్నట్టుంటుంది అనేవాడు. నేను వేళ్ళు ముడిచి ఏడూ ఏడూ అని ఉడికించేదాన్ని. అదంతా మర్చిపోయి ఎన్నో ఏళ్ళయింది. ఆ కేకల మధ్య తాత గొంతు తగ్గించిన చోటు గుర్తొచ్చింది.

అక్క ఎక్కడుందోనని వెతికాను. గీత పక్కన నిలబడి ఉంది. రెండు చేతులతో చెవులు మూసుకుని ఉంది.

అవతలి జట్టు పిల్లలు ఇద్దరు ఒకేసారి వంజరం నడుము మీద పడ్డారు. తడిసి గట్టిపడిన ఇసుక అది. తల ముందు తగిలింది. బంతి దొర్లిపోయింది. కేక మాత్రం వెంటనే ఆగలేదు. పిల్ల బోర్లా పడి కదలకుండా ఉంటే ఊరు ఇంకా ఏడు, ఏడు అంటూనే ఉంది. చివర్లో ఒక్క గొంతు మిగిలి, అదీ తెగిపోయింది. ఆ చివరి గొంతు మా వాడిది. వాడి నోరు మూశాను.

మా ఆయన మైదానంలోకి పరుగెత్తారు. ఆయన కన్నా ముందే మగవాళ్ళు కదిలారు, పిల్ల వైపు కాదు, ఆయన వైపు. "నల్లది తొడిగినావు, ఏడు రాసినావు, పిల్లని పడేసినావు." ఆ మాట అన్నవాడెవరో చూడలేదు. మా ఆయన చొక్కా పట్టుకున్న చెయ్యి మాత్రం చూశాను. గోళ్ళ సందుల్లో నీలం పెయింటు. మా ఇంటి స్టీలు గ్లాసు పట్టుకునే చెయ్యి. బొత్తాం ఊడి ఇసుకలో పడింది.

ఒక చంకలో చిన్నది, ఇంకో చేత్తో బాబు. వాళ్ళిద్దర్నీ తీసుకుని పారిపోవాలో, ఆయన దగ్గరికి పోవాలో తెలియలేదు. బాబు నల్ల చొక్కాలో నా పక్కన నిలబడి ఉన్నాడు. ఆ చొక్కా విప్పేయాలన్న ఆలోచన తప్ప నా బుర్రలో ఇంకేమీ లేదు. నిజంగానే వాడి చొక్కా తలమీదుగా లాగడం మొదలుపెట్టాను.

అప్పుడు అక్క గొంతు లేచింది. పాట పాడే గొంతు.

"ఇడువు రా సారుని."

అందరూ ఆగారు. ఆమె అప్పటికే పిల్ల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. తల తిప్పకుండానే అంటోంది.

"చొక్కా తెచ్చింది సారే. కాదన్లా. దాని సంగతి తర్వాత చూస్తా. ఏడు ఏడని నా బిడ్డని ఏడవమన్నది ఎవురు? సారా? నువ్వు గాదా? నువ్వు గాదా మే? ఆ చొక్కాకి నోరుందా? చొక్కా అరిసిందా?"

రంగులేసే అన్న చెయ్యి వదిలాడు. వదిలిన చేతిని ఏం చేయాలో తెలియనట్టు లుంగీకి తుడుచుకున్నాడు.

మైదానంలో ఉన్న ఫస్ట్ ఎయిడ్ మనిషి పిల్లను వెల్లకిలా తిప్పాడు. ముక్కు నుంచి నెత్తురు, నోటినిండా ఇసుక. కళ్ళు తెరిచింది. ఉమ్మేసి, "బంతి యాడ?" అంది. ఎన్ని వేళ్ళున్నాయో చెప్పమంటే విసుగ్గా చెప్పింది. మెడ తిప్పించాడు, లేపి నడిపించాడు, కళ్ళలోకి టార్చి కొట్టాడు. పర్వాలేదు, తల తిరిగితే వెంటనే చెప్పాలి అన్నాడు. అక్క కొంగుతో నెత్తురు తుడిచింది. తుడుస్తూ తల ఎత్తి జనంలో నన్ను వెతికింది.

"ఏం అమ్మాయ్. నీ మాట మీద గదా పంపించింది."

ఊరంతా నా వైపు తిరిగింది. దెబ్బ తగిలింది, నగుబాటూ అయింది. ఆమె షరతులు రెండూ అయిపోయాయి. కోచ్‌లు కుర్చీల్లోంచి లేచి నిలబడ్డారు. పిల్ల నన్నే చూస్తోంది. ఏదో ఒక మంచి మాట చెప్పాలి, హాస్టలు గురించో చదువు గురించో.

"మా తాత ఏడు అనేవాడు కాదక్కా," అన్నాను. "కుంచాలు కొలిచేటప్పుడు ఆరున్నొకటి అనేవాడు."

ఎందుకన్నానో నాకు ఇప్పటికీ తెలియదు. అక్క రెప్ప వేయకుండా చూసింది.

"వడ్లకి కూడా అట్టనే అంటారా?"

"అట్లానే అక్కా. ముందు లాభం, తర్వాత రెండు."

"మేము గంపలకి అంటాం." ఆమె లేచి మోకాళ్ళ ఇసుక దులుపుకుంది. "తెలిసి కూడా మొగుడికి చెప్పలా నువ్వు. బలే చదువు చదివినావు పో."

నా వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అక్క పిల్ల భుజం పట్టుకుని జనం వైపు తిప్పింది, గంపలోంచి మంచి చేపను ఎత్తి చూపించినట్టు.

"ఇనండిరా. ఇది ఏడు గాదు. ఆరున్నొకటి. నోరు తెరిస్తే అదే రావాల. రాలేదంటే రేపటినుంచి నా పాటలో ఒక్కడికీ గంప దిగదు."

పిల్లను మైదానంలోకి తోసి వెనక్కి తిరిగి వచ్చేసింది.

మిగిలిన ఆట గురించి గొప్పగా చెప్పడానికేం లేదు. మా జట్టు ఓడిపోయింది. వంజరం మాత్రం ఒక్కసారి గీత దాటింది. ఆమె పరుగెడుతుంటే ఆరున్నొకటి, ఆరున్నొకటి అని ఊరు అరిచింది. అది కేకకు కుదిరే మాట కాదు. నోరు తిరగదు, తాళం తప్పుతుంది, ఒక మూల ఆరున్న అంటుంటే ఇంకో మూల ఒకటి దగ్గర ఉంటారు. కుర్రాళ్ళు మధ్యలో నవ్వేశారు. అంత గజిబిజి కేక మధ్య ఆ పిల్ల పరుగెత్తి బంతిని నేలకు తాకించింది.

ఆట అయ్యాక కోచ్‌లలో ఒకాయన వచ్చి, "ఆ ఏడో నంబరు అమ్మాయి తల్లి ఎవరండీ," అన్నాడు.

"ఏడో నంబరు ఈడ ఎవురూ లేరు," అంది అక్క.

ఆయన తికమకపడి వేలు చూపించాడు.

"ఆరున్నొకటా? దానికి తల్లిని నేనే."

పిల్లను తీసుకుంటామన్నాడు. హాస్టల్లో ఆడపిల్లలకు తోడు ఎవరుంటారు, జ్వరమొస్తే ఎవరు చూస్తారు అని అక్క అడిగింది. నేనూ అవే అడిగేదాన్ని. చివరికి, "పంపిస్తా. చొక్కా మీద ఏం నంబరు ఏస్తారో మాత్రం ముందే చెప్పండి," అంది. ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు.

మమ్మల్ని ఊరు క్షమించిందని చెప్పను. రొయ్య రొమ్ముల మీద అలాగే ఉంది. తర్వాతి ఆటకు పసుపు రంగే కావాలని, ఈసారి అడక్కుండా ఏదీ తేవద్దని పెద్దలు ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పిపోయారు. ఆయన సరేనన్నారు. రంగులేసే అన్న మాత్రం రాలేదు. నేను ఊడిన బొత్తాం స్థానంలో ఇంకోటి కుట్టాను. రంగు కలవలేదు. అంత దగ్గరి మనిషి చెయ్యి అంత తేలిగ్గా ఎలా లేచిందో, అది నాకు ఇప్పటికీ మింగుడు పడటం లేదు.

ఆట అయిన మర్నాడు ఉదయం అక్క గంప మా వాకిట్లో దిగింది. పళ్ళెం తెమ్మని అందులో కానాగంత చేపలు వేస్తోంది. బాబు పక్కన గొంతుక్కూర్చుని లెక్కపెడుతున్నాడు. ఆరు దాకా వచ్చి ఆగిపోయాడు. భయంగా నా వైపు చూశాడు. నిన్న నోరు మూశాను కదా.

"అమ్మా, బళ్ళో టీచర్ అడిగితే ఏం చెప్పాలి?"

"బళ్ళో ఏడు అనే చెప్పు నాన్నా. ఏడు మంచి అంకే. ఒడ్డున మాత్రం ఆరున్నొకటి అను, చెల్లికి కూడా నేర్పు."

వాడు తల ఊపి, ఆరున్నొకటి అని చేపను వేలితో ముట్టాడు. చిన్నది కూడా ఏదో అంది. అక్క తల వంచుకుని ఇంకో చేప వేసింది.

వాడు కాసేపు ఆలోచించి మళ్ళీ అడిగాడు. "రంగుల మామ పడవ చూడటానికి పోవచ్చా?"

ఏ ఆలోచనా లేకుండా పో అని ఎన్నిసార్లు పంపానో. ఆ ఉదయం అలా పంపలేకపోయాను. ఇక పోవద్దనీ అనలేకపోయాను.

"ఈ రోజు వద్దు," అన్నాను. "రేపు నేనూ వస్తాను. ముగ్గురం కలిసే పోదాం. మామ కనిపిస్తే ముందు నమస్తే పెట్టండి."